నెపమంతా క్వార్టర్‌బ్యాక్‌దేనా?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: క్రీడా శీర్షిక

ఈసారి తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం అమెరికన్ ఫుట్‌బాల్ గురించే ఉన్నాయి. పిల్లలు అక్కడ చదువుకుంటూ, ఉద్యోగాలు చేసుకుంటూ ఉండటం వల్ల ఆ ఆట ఇక్కడి ఇళ్లలోకీ వచ్చింది, దాంతోపాటు అక్కడి వాదనలూ వచ్చాయి. అన్ని ఉత్తరాలూ ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి కాబట్టి వాటిని ఒకచోట చేర్చి సమాధానం చెబుతున్నాను.

ప్రశ్న: మా పెద్దబ్బాయి, అల్లుడు ఇద్దరూ హ్యూస్టన్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. వీడియో కాల్‌లో మాట్లాడుకున్నప్పుడల్లా అక్కడి టెక్సన్స్ జట్టు క్వార్టర్‌బ్యాక్ సి.జె. స్ట్రౌడ్ గురించి వాదులాడుకుంటారు. 2023లో అంత గొప్పగా ఆడినవాడు 2024లో దిగజారడానికి తప్పంతా అతడిదేనని మా అల్లుడు గారు అంటారు. చుట్టూ ఉన్నవాళ్లే అతడి ఆటను చెడగొట్టారని మావాడు అంటాడు. నాకు ఆట నియమాలు కొద్దిగానే తెలుసు. ఇద్దరూ నన్నే తీర్పు చెప్పమంటున్నారు. ఎవరి మాట న్యాయం?
— ఒక పాఠకుడు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. 2024 సీజన్ వరకు చూస్తే మీ అబ్బాయి మాటే న్యాయానికి దగ్గరగా ఉంది, కానీ స్ట్రౌడ్‌ను పూర్తిగా నిర్దోషిగా వదిలేయడానికి వీల్లేదు. ఇలా ఎందుకంటున్నానో తెలియాలంటే ఆ ఆటలో ఒక్క ప్రయత్నం ఎలా నడుస్తుందో కొంచెం వివరంగా చూడాలి.

ఒక్కో పక్షాన పదకొండు మంది మైదానంలో ఉంటారు. బంతి చేతిలో ఉన్న జట్టు (అఫెన్స్) నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలి. వెళితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి, వెళ్లలేకపోతే బంతి ఎదుటి జట్టుకు పోతుంది. బంతిని వెనక్కి అందించే సెంటర్, అతడికి ఇరువైపులా ఇద్దరు గార్డులు, వారికి అవతల ఇద్దరు ట్యాకిళ్లు, ఈ ఐదుగురూ కలిసి అఫెన్సివ్ లైన్. వీరి వెనక నిలబడి బంతిని అందుకుని, దాన్ని ఎవరికి విసరాలో, ఎవరి చేతికి ఇవ్వాలో నిర్ణయించేవాడు క్వార్టర్‌బ్యాక్. అతడు బంతి విసిరేలోపే ఎదుటివారు అతడిని పట్టి పడగొడితే దాన్ని స్యాక్ అంటారు. విసిరిన బంతిని ఎదుటివారు గాలిలోనే అందుకుంటే అది ఇంటర్‌సెప్షన్.

ప్రతి ప్రయత్నంలోనూ తప్పు జరగడానికి మూడు ఘట్టాలు ఉన్నాయి. మొదటిది బంతి కదలకముందు. ఏ ఎత్తుగడ ఆడాలో కోచ్ లేదా ఎత్తుగడలు చూసే సహాయ కోచ్ అయిన కోఆర్డినేటర్ నిర్ణయించి క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లోని రేడియో ద్వారా చెబుతాడు. తరువాతి ప్రయత్నం మొదలుపెట్టడానికి ఉన్న గడువును చూపే ప్లే క్లాక్‌లో 15 సెకన్లు మిగిలేసరికి ఆ రేడియో ఆగిపోతుంది. అక్కడి నుంచి ఎదుటివారు ఎటునుంచి దూసుకురాబోతున్నారో కనిపెట్టి, ఎవరు ఎవరిని అడ్డుకోవాలో సర్దే పని సెంటర్‌ది, క్వార్టర్‌బ్యాక్‌ది. రెండో ఘట్టం బంతి చేతికొచ్చాక గడిచే రెండున్నర, మూడు సెకన్లు. ఆ కాస్త సమయం సంపాదించి పెట్టవలసినవారు లైన్‌లోని ఐదుగురు. మూడోది బంతి చేయి దాటిన తరువాత జరిగేది: గురి కుదిరిందా, బంతిని అందుకోవలసిన రిసీవర్ సరైన చోటికి వచ్చాడా, వచ్చిన బంతిని పట్టాడా. లెక్కల పుస్తకంలో మాత్రం మూడు ఘట్టాల ఫలితమూ ఒక్క పేరు కిందనే, క్వార్టర్‌బ్యాక్ పేరు కిందనే, పడుతుంది. వాదన మొదలయ్యేది అక్కడే.

ఇక స్ట్రౌడ్ విషయానికి వద్దాం. 2023 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కళాశాల ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) రెండో ఎంపికగా వచ్చిన అతడు మొదటి ఏడాదే 4,108 గజాలు విసిరి, 23 టచ్‌డౌన్లు (బంతిని మైదానం చివర ఉన్న ఎదుటివారి ఎండ్ జోన్‌లోకి చేర్చడం) సాధించి, 5 ఇంటర్‌సెప్షన్లు మాత్రమే ఇచ్చి, ఆ ఏటి ఉత్తమ కొత్త అఫెన్స్ ఆటగాడిగా నిలిచాడు. 2024లో రెండు మ్యాచ్‌లు ఎక్కువ ఆడి కూడా 3,727 గజాలు, 20 టచ్‌డౌన్లు, 12 ఇంటర్‌సెప్షన్ల దగ్గర ఆగిపోయాడు. మీ అల్లుడు గారు ఈ అంకెలే చూపిస్తున్నారని ఊహిస్తున్నాను. అదే పట్టికలో ఇంకొక గడి ఉంది, దాన్నీ చదవాలి. 2023లో అతడు 38 సార్లు స్యాక్ అయ్యాడు, 2024లో 52 సార్లు. ఆ తరువాత ప్లేఆఫ్స్‌లో కాన్సాస్ సిటీతో 23–14 తేడాతో ఓడిన ఒక్క మ్యాచ్‌లోనే 8 సార్లు కిందపడ్డాడు.

ఆ స్యాక్‌లు ఎలా జరిగాయో ఒకటి రెండు మళ్లీ వేసుకుని చూడమని మీ అల్లుడు గారికి చెప్పండి. ఎదుటి జట్టువారు స్టంట్ అనే ఎత్తు వేస్తారు. చివరన ఉన్నవాడు హఠాత్తుగా లోపలికి దూరుతాడు, లోపల ఉన్నవాడు అతడి వెనకనుంచి చుట్టుతిరిగి బయటికి వస్తాడు. అప్పుడు ట్యాకిల్ తన మనిషిని గార్డుకు అప్పగించి, గార్డు వదిలినవాడిని తాను అందుకోవాలి. కంటిచూపుతో, ఒక్క అడుగులో జరిగిపోవలసిన మార్పిడి ఇది. ట్యాకిల్ తన మనిషి వెంటే లోపలికి వెళ్లిపోయాడంటే ఇద్దరూ ఒక్కడినే అడ్డుకుంటారు, రెండోవాడికి దారి బార్లా తెరుచుకుంటుంది. క్వార్టర్‌బ్యాక్ అప్పటికి మొదటి రిసీవర్‌ను చూసి, అతడి మీద కాపలా ఉందని గ్రహించి, రెండో రిసీవర్ వైపు తల తిప్పుతూ ఉంటాడు. తల పూర్తిగా తిరిగేలోపే దెబ్బ తగులుతుంది. ఆ సీజన్‌లో హ్యూస్టన్ లైన్ పదేపదే తడబడింది ఇలాంటి మార్పిడి దగ్గరే. ఇది రెండో ఘట్టంలో జరిగిన తప్పు. ఎంత గొప్ప చేయి ఉన్నా దీన్ని సరిదిద్దలేదు.

మూడో ఘట్టంలోనూ అతడికి అదృష్టం కలిసిరాలేదు. ప్రధాన రిసీవర్ నికో కాలిన్స్ గాయంతో ఐదు మ్యాచ్‌లకు దూరమయ్యాడు. స్టెఫాన్ డిగ్స్ అక్టోబర్‌లోనే మోకాలి గాయంతో సీజన్ ముగించాడు. డిసెంబర్‌లో ట్యాంక్ డెల్ కూడా మోకాలు దెబ్బతిని వెళ్లిపోయాడు. ముగ్గురు ముఖ్యమైన రిసీవర్లలో ఇద్దరు సీజన్ పూర్తి చేయలేదు, మూడోవాడు మధ్యలో లేడు. అలాంటప్పుడు క్వార్టర్‌బ్యాక్ ఎవరైనా కొత్తవారితో లెక్క కుదుర్చుకోవడానికి సమయం పడుతుంది, ఆ సమయం ఇవ్వవలసిన లైనే అక్కడ లేదు.

యాజమాన్యం ఇచ్చిన తీర్పు కూడా గమనించదగినదే. 2025 జనవరిలో అఫెన్స్ కోఆర్డినేటర్ బాబీ స్లోవిక్‌ను తొలగించారు, మార్చిలో ఎడమ ట్యాకిల్ లారెమీ టన్సిల్‌ను వాషింగ్టన్ జట్టుకు ఇచ్చేశారు, స్ట్రౌడ్‌ను మాత్రం ఉంచుకున్నారు. దీన్ని తిరుగులేని సాక్ష్యంగా నేను చూపించను, ఎందుకంటే జట్టులో మార్చడానికి అన్నిటికంటే కష్టమైన మనిషి క్వార్టర్‌బ్యాక్, మిగిలినవారిని మార్చడం తేలిక. అయినా లోపల కూర్చుని ప్రతి ప్రయత్నాన్నీ వీడియోలో చూసినవారు ముందుగా చేయి వేసింది లైన్ మీద, ఎత్తుగడల మీద అన్న సంగతిని తోసిపుచ్చలేం.

హ్యూస్టన్‌కు ఈ కథ కొత్తది కాదు. ఆ జట్టు ఆడటం మొదలుపెట్టిన 2002లోనే డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపికగా డేవిడ్ కార్‌ను తెచ్చుకుని, తగిన లైన్ లేకుండా మైదానంలోకి దించారు. ఆ ఒక్క సీజన్‌లో అతడు 76 సార్లు స్యాక్ అయ్యాడు, అది లీగ్ రికార్డు. 2005లో మళ్లీ 68 సార్లు. అంతగా దెబ్బలు తిన్నవాడి కళ్లు రిసీవర్ల మీద నుంచి దిగి, మీదికొచ్చేవారి కాళ్ల మీద నిలుస్తాయి. ఒకసారి ఆ అలవాటు పడిందంటే మంచి లైన్ దొరికినా వదలదు. స్ట్రౌడ్ విషయంలో నా నిజమైన భయం అదే. ఒక సీజన్ అంకెలు పోతే మరుసటి ఏడాది తిరిగి వస్తాయి, చూపు చెడితే తిరిగి రావడం కష్టం.

అతడి వంతు ఎంత అంటారా? 12 ఇంటర్‌సెప్షన్లలో కొన్ని అతడి నిర్ణయాలే. కొన్ని స్యాక్‌లు కూడా బంతిని బయటికి పారేయవలసిన క్షణం దాటిపోయాక జరిగినవే. తిలాపాపం తలా పిడికెడు అని అందరికీ సమానంగా పంచేయమని నేను అనడం లేదు. 2024 వరకు పెద్ద పిడికిలి లైన్‌దీ, ఆ లైన్‌ను కూర్చినవారిదీ.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. క్వార్టర్‌బ్యాక్ ఆటను కొలవడానికి పాసర్ రేటింగ్ అనే కొలత ఉంది కదా. అది తక్కువగా ఉంటే తప్పు అతడిదే అని ఎందుకు తేల్చకూడదు? ఇంత వాదన అవసరమా?
— ఒక విద్యార్థి, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: అవసరమే. ఆ కొలత ఎలా కడతారో తెలిస్తే మీరే ఒప్పుకుంటారు. అమెరికన్ ఫుట్‌బాల్ ప్రధాన లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్ 1973 నుంచి వాడుతున్న ఈ రేటింగ్‌లో నాలుగు భాగాలు ఉన్నాయి: విసిరిన బంతుల్లో ఎన్ని అందాయి, ఒక్కో విసురుకు సగటున ఎన్ని గజాలు వచ్చాయి, ఎన్నింటికి టచ్‌డౌన్ వచ్చింది, ఎన్ని ఇంటర్‌సెప్ట్ అయ్యాయి. ఒక్కో భాగానికి సున్నా నుంచి 2.375 వరకు విలువ ఇచ్చి, నాలుగూ కూడి, ఆరుతో భాగించి, వందతో గుణిస్తారు. అందుకే గరిష్ఠం 158.3 అనే వింత అంకె వస్తుంది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఒక క్వార్టర్‌బ్యాక్ 30 బంతులు విసిరాడనుకోండి. 18 అందాయి, 210 గజాలు వచ్చాయి, ఒక టచ్‌డౌన్, ఒక ఇంటర్‌సెప్షన్. నాలుగు భాగాల విలువలు వరుసగా 1.5, 1.0, 0.667, 1.542. రేటింగ్ 78.5 వస్తుంది, అంటే సాధారణం కంటే తక్కువ. ఇప్పుడు ఆ ఇంటర్‌సెప్షన్ ఎలా జరిగిందో చూడండి: బంతి నేరుగా రిసీవర్ రెండు చేతుల్లోకి వచ్చింది, అతడు పట్టలేక పైకి ఎగరేశాడు, వెనక ఉన్న ఎదుటి ఆటగాడు దాన్ని అందుకున్నాడు. రిసీవర్ దాన్ని పట్టి పది గజాలు సంపాదించి ఉంటే అదే క్వార్టర్‌బ్యాక్, అదే చేయి, అదే విసురుతో రేటింగ్ 96.5 అయ్యేది. ఒక్క బంతికి 18 పాయింట్ల తేడా, ఆ తేడాలో క్వార్టర్‌బ్యాక్ ప్రమేయం ఏమీ లేదు. క్రికెట్‌లో స్లిప్‌లో క్యాచ్ జారవిడిస్తే ఆ తరువాత వచ్చే పరుగులన్నీ బౌలర్ ఖాతాలో పడటం మనకు తెలిసిందే. ఇక్కడ దానికి మించి, జారిన క్యాచ్ ఏకంగా బౌలర్ నేరంగా నమోదవుతుంది.

2021 ఫిబ్రవరిలో జరిగిన సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) నాకు బాగా గుర్తుంది. కాన్సాస్ సిటీకి ఇద్దరు ప్రధాన ట్యాకిళ్లు, ఎరిక్ ఫిషర్, మిచెల్ ష్వార్ట్జ్, గాయాలతో ఆడలేదు. ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్ మ్యాచ్ అంతా ప్రాణం అరచేత పెట్టుకుని పరుగెత్తాడు. నాలుగో క్వార్టర్‌లో ఒకసారి కిందపడిపోతూ, ఒళ్లు నేలకు సమాంతరంగా ఉన్న స్థితిలో విసిరిన బంతి ఎండ్ జోన్‌లో ఉన్న డారెల్ విలియమ్స్ హెల్మెట్ ముందుభాగానికి తగిలి నేలపాలైంది. అంతటి విసురు నేను మరొకటి చూడలేదు. పుస్తకంలో అది అందని బంతి, అంతే. ఆ రోజు మహోమ్స్ లెక్క: 49 విసుర్లలో 26 అందినవి, టచ్‌డౌన్లు సున్నా, ఇంటర్‌సెప్షన్లు రెండు, ఓటమి 31–9. అంకెలు మాత్రమే చదివినవాడు అతడు చేతులెత్తేశాడని అనుకుంటాడు.

ఆ తరువాత జరిగింది ఇంకా ముఖ్యం. కాన్సాస్ సిటీ ఆ వేసవిలో క్వార్టర్‌బ్యాక్‌ను వదిలి లైన్‌ను మార్చింది. ఓర్లాండో బ్రౌన్, జో థూనీలను తెచ్చుకుంది, క్రీడ్ హంఫ్రీ, ట్రే స్మిత్‌లను డ్రాఫ్ట్‌లో ఎంచుకుంది. రెండేళ్ల తరువాత 2023 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో, ఆ సీజన్ లీగ్ మ్యాచ్‌ల్లో 70 స్యాక్‌లు సాధించిన ఫిలడెల్ఫియా మీద, మహోమ్స్ ఒక్కసారి కూడా స్యాక్ కాకుండా 38–35తో గెలిచాడు.

ఇంకొక లోపం కూడా ఉంది, ఇది తప్పు క్వార్టర్‌బ్యాక్‌దే అనేవారికి పనికొచ్చేది. పాసర్ రేటింగ్‌లో స్యాక్‌కు లెక్కే లేదు. బంతిని బయటికి పారేస్తే అందని విసురుగా రేటింగ్ తగ్గుతుంది, చేతిలోనే పట్టుకుని కిందపడితే తగ్గదు. కాబట్టి బంతిని వదలని అలవాటున్నవాడి తప్పును ఈ కొలత దాచిపెడుతుంది. ఆటగాడికి అన్యాయం చేయగలిగిన కొలతే ఒక్కోసారి అతడిని కాపాడగలదు కూడా.

ప్రశ్న: మా తమ్ముడు తన అభిమాన క్వార్టర్‌బ్యాక్ ఎప్పుడు ఓడినా లైన్‌నో, కోచ్‌నో తిడతాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుగా ఉంది. నిజంగా తప్పు క్వార్టర్‌బ్యాక్‌దే అని తేలిన సందర్భం ఒక్కటైనా లేదా?
— ఒక అధ్యాపకురాలు, శ్రీకాళహస్తి

జవాబు: ఉందమ్మా, చాలా స్పష్టమైనదే ఉంది. మీ తమ్ముడికి టాంపా బే బక్కనీర్స్ 2019, 2020 సీజన్లను పక్కపక్కన పెట్టి చూపించండి.

2019లో ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ జేమిస్ విన్‌స్టన్. 5,109 గజాలు విసిరాడు, 33 టచ్‌డౌన్లు సాధించాడు, దాంతోపాటు 30 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. ఒకే సీజన్‌లో ముప్పై టచ్‌డౌన్లు, ముప్పై ఇంటర్‌సెప్షన్లు నమోదు చేసినవాడు ఎన్ఎఫ్ఎల్‌లో అంతకుముందు ఎవరూ లేరు. 47 సార్లు స్యాక్ కూడా అయ్యాడు. లైన్ బాగాలేదని అప్పట్లో చాలామంది అన్నారు. మరుసటి ఏడాది అతడి స్థానంలో టామ్ బ్రేడీ వచ్చాడు. కోచ్ అదే బ్రూస్ ఏరియన్స్. ప్రధాన రిసీవర్లు అదే మైక్ ఎవాన్స్, క్రిస్ గాడ్విన్. లైన్‌లోని ఐదుగురిలో నలుగురు పాతవారే. ఫలితం చూడండి: 40 టచ్‌డౌన్లు, 12 ఇంటర్‌సెప్షన్లు, 21 స్యాక్‌లు, చివరికి సూపర్ బౌల్ విజయం.

మారిన ఐదోవాడు, కుడి ట్యాకిల్ ట్రిస్టన్ వర్ఫ్స్, చాలా గొప్ప ఆటగాడు. బంతి అందుకోవడంలో పేరున్న గ్రాంకోవ్‌స్కీ కూడా ఆ ఏడే జట్టులోకి వచ్చాడు. డిఫెన్స్ కూడా పదునెక్కింది. వీటన్నిటికీ విలువ ఇచ్చిన తరువాత కూడా ఇంటర్‌సెప్షన్లు ముప్పై నుంచి పన్నెండుకు, స్యాక్‌లు సగం కంటే తక్కువకు దిగడానికి ముఖ్య కారణం బంతి పట్టుకున్న మనిషి మారడమే. బ్రేడీకి అప్పటికి 43 ఏళ్లు. పరుగెత్తి తప్పించుకోగల శరీరం కాదు. అతడు తప్పించుకున్నది బుద్ధితోనే: బంతి కదలకముందే ఎదుటివారి అమరికను చదివేవాడు, ఎవరికి విసరాలో సగం తేల్చుకుని ఉండేవాడు, కుదరకపోతే పారేసేవాడు.

స్యాక్ అంటే లైన్ తప్పేనని చాలామంది నమ్ముతారు. అది సగమే నిజమని ఈ రెండు సీజన్లూ చెబుతున్నాయి. రెండున్నర సెకన్లలో బంతి వదిలేవాడి ముందు మామూలు లైన్ కూడా మంచి లైన్‌లాగా కనిపిస్తుంది, నాలుగు సెకన్లు పట్టుకునేవాడి ముందు ఎంత మంచి లైన్ అయినా చిల్లులు పడుతుంది. మీ తమ్ముడు లైన్‌ను తిట్టేముందు ఆ స్యాక్ ఎన్నో సెకనులో జరిగిందో లెక్కపెట్టాలి. మూడు దాటిన తరువాత జరిగితే మద్దెలను అనవద్దని చెప్పండి.

ప్రశ్న: నేను పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. ఆటగాడు సరిగా ఆడకపోతే మొదట గురువునే ప్రశ్నించాలని నా నమ్మకం. ఈ ఆటలో కోచ్ వాటా ఎంత?
— పలమనేరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఒక్క ఉదాహరణ చాలు. 2016 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపికగా లాస్ ఏంజెలిస్ రామ్స్‌కు వచ్చిన క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్ ఆ ఏడాది తాను ఆడిన ఏడు మ్యాచ్‌లూ ఓడిపోయాడు. ఐదు టచ్‌డౌన్లు, ఏడు ఇంటర్‌సెప్షన్లు, ఏడు మ్యాచ్‌ల్లో 26 స్యాక్‌లు, రేటింగ్ 63.6. పనికిరానివాడని రాసేశారు. ఆ డిసెంబర్‌లో కోచ్ జెఫ్ ఫిషర్‌ను తొలగించి, 2017కు షాన్ మెక్‌వే అనే ముప్పై ఏళ్ల యువకుడిని తెచ్చారు, ఎడమ ట్యాకిల్‌గా ఆండ్రూ విట్‌వర్త్‌ను తెచ్చారు. అదే గాఫ్ ఆ ఏడు 15 మ్యాచ్‌ల్లో 28 టచ్‌డౌన్లు సాధించాడు, ఇంటర్‌సెప్షన్లు మళ్లీ ఏడే, స్యాక్‌లు 25, రేటింగ్ 100.5. ఆ మరుసటి సీజన్‌లో జట్టును సూపర్ బౌల్‌కు చేర్చాడు. ఇరవై రెండేళ్లవాడికి చదవగలిగినంత పాఠం ఇవ్వడం, తేలికగా కనిపించే రిసీవర్‌ను మొదటి చూపులోనే అతడి ముందు నిలబెట్టడం, ఇవి కోచ్ చేతిలో ఉన్న పనులు. మీ నమ్మకం సరైనదే, ముఖ్యంగా ఆటగాడు కొత్తవాడైనప్పుడు.

ప్రశ్న: మాది మామిడి గుజ్జు ఎగుమతి. మా సరుకు కొనే అమెరికా ఆయన డాలస్ కౌబాయ్స్ అభిమాని. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కు ఏడాదికి సగటున 6 కోట్ల డాలర్లు ఇస్తున్నారని, అంత డబ్బు తీసుకున్నవాడు సాకులు చెప్పకూడదని ఆయన అంటాడు. వ్యాపారిగా నాకు ఆ మాట సబబుగానే తోచింది. మీరేమంటారు?
— చిత్తూరు నుంచి ఒక వ్యాపారి

జవాబు: డబ్బు తీసుకున్నవాడిని ఎక్కువగా ఆశించి అడగడం సబబే. అయితే మీరు వ్యాపారి కాబట్టి ఇంకొక లెక్క కూడా చూడాలి. ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్కో జట్టు జీతాలకు ఇంత మాత్రమే ఖర్చు పెట్టాలన్న పరిమితి ఉంది; 2024లో అది 25.54 కోట్ల డాలర్లు. ఆ మొత్తంలోంచే యాభై మందికి పైగా ఆటగాళ్లకు ఇవ్వాలి. ఒప్పందాల సొమ్మును ఏళ్ల మీద సర్దే మార్గాలు ఉన్నా, ఒకరికి పెద్దమొత్తం రాసిచ్చిన తరువాత లైన్‌లోనో, రిసీవర్లలోనో ఎక్కడో కోత తప్పదు. ఆ కోత ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది యాజమాన్యం. జీతం ఎక్కువ కాబట్టి కూలిపోయిన లైన్ వెనక కూడా గెలిపించాలనడం, ముడిసరుకు కొనడానికి డబ్బు మిగల్చకుండా మేనేజర్‌ను ఉత్పత్తి అడగడమే అవుతుంది.

దీనికి ఎదురుగా హ్యూస్టన్‌ను చూడండి. స్ట్రౌడ్ మొదటి ఒప్పందం నాలుగేళ్లకు సుమారు 3.6 కోట్ల డాలర్లు మాత్రమే. ప్రెస్కాట్ ఒక్క ఏడాది సగటు కంటే తక్కువ. క్వార్టర్‌బ్యాక్ ఇంత చవకగా దొరికిన ఏళ్లలోనే లైన్‌ను పటిష్ఠం చేసుకోవాలి. 2024లో అతడు 52 సార్లు కిందపడ్డాడంటే యాజమాన్యం తమ చేతిలోని డబ్బును సరైన చోట పెట్టలేదన్నమాట. బైరాగిపట్టెడ పాఠకుడికి నేను ఇచ్చిన తీర్పులో ఈ లెక్క కూడా ఉంది.

ప్రశ్న: ఓడిన క్వార్టర్‌బ్యాక్‌ను సొంత అభిమానులే గేలి చేస్తారని విన్నాను. ఇది న్యాయమేనా?
— ఒక పాఠకురాలు, పుత్తూరు

జవాబు: న్యాయం కాదు. ఇండియానాపోలిస్ కోల్ట్స్ క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్ మొదటి ఏడాది, 2012లోనే 41 సార్లు స్యాక్ అయ్యాడు. ఏళ్ల తరబడి బలహీనమైన లైన్ వెనక ఆడి, భుజం దెబ్బతిని 2017 సీజన్ మొత్తం పోగొట్టుకున్నాడు. 2018లో క్వెంటన్ నెల్సన్ అనే గార్డును డ్రాఫ్ట్‌లో తెచ్చి లైన్‌ను బాగుచేసిన తరువాత స్యాక్‌లు 18కి తగ్గాయి. కానీ అప్పటికే శరీరం అలిసిపోయింది. 2019 ఆగస్టు 24న, 29 ఏళ్ల వయసులో, నొప్పి నుంచి కోలుకోవడం, మళ్లీ నొప్పి అనే చక్రంలో ఇక ఉండలేనని ఆట మానేశాడు. ఆ వార్త మ్యాచ్ జరుగుతుండగానే బయటికి పొక్కింది. మైదానం నుంచి నడిచి వెళుతున్న అతడిని సొంత ఊరి ప్రేక్షకులే గేలి చేశారు. ఏళ్లపాటు అతడి ముందు సరైన గోడ కట్టనివారిని ఆ సాయంత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

ప్రశ్న: ఈ మ్యాచ్‌లు మనకు ఏ వేళలో వస్తాయి? చూసేటప్పుడు తప్పు ఎవరిదో మేమే తేల్చుకోవాలంటే ఏం గమనించాలి?
— చంద్రగిరి నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు అమెరికా తూర్పుతీరంలో మొదలయ్యే మ్యాచ్‌లు సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో మనకు రాత్రి పదిన్నరకు, నవంబర్‌లో అక్కడ గడియారం మార్చిన తరువాత పదకొండున్నరకు వస్తాయి.

చూసేటప్పుడు బంతి కదిలిన వెంటనే కళ్లు బంతి వెంట వెళ్లనివ్వకండి. మొదటి రెండు సెకన్లు లైన్‌లోని ఐదుగురినే చూడండి, మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టండి. మూడు లెక్కపెట్టేలోపు ఎదుటివాడు లోపలికి వచ్చేశాడంటే తప్పు లైన్‌దో, అడ్డుకునే ఏర్పాటు చేసినవారిదో. మూడు దాటినా బంతి చేతిలోనే ఉంటే రీప్లేలో రిసీవర్లను చూడండి: ఎవరైనా కాపలా లేకుండా ఉన్నారంటే క్వార్టర్‌బ్యాక్ చూడలేదు, ఎవరూ లేరంటే ఎత్తుగడే కుదరలేదు. ఇంటర్‌సెప్షన్ అయితే బంతి ముందుగా ఎవరి చేతికి తగిలిందో చూశాకే మాట్లాడండి. స్యాక్ జరగగానే కెమెరా క్వార్టర్‌బ్యాక్ ముఖం మీదికి వెళుతుంది. మీరు మాత్రం లైన్‌లో వెనక్కి తిరిగి చూస్తున్నవాడు ఎవరో వెతకండి. తన మనిషి చేయి దాటిపోయాడని తెలిసినవాడే సాధారణంగా ముందుగా వెనక్కి తిరుగుతాడు. టీవీలో ఆ క్షణం దాటిపోయినా రీప్లేలో దొరుకుతుంది.